చెనక్కాయ సముద్రం దాటేనా? కెలమంగలం సీమ రైతు ముందున్న ఎగుమతి దారి

2025 సెప్టెంబరు 3వ తేదీ నుండి భారతదేశపు వేరుశనగ దిగుమతిని ఇండోనేషియా తాత్కాలికంగా నిలిపివేసినది. గింజలలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరిమితికి మించి ఉన్నదని ఆ దేశపు క్వారంటైన్ శాఖ తెలిపినది. ఆగస్టు 27న ప్రకటన వెలువడినది. సరిగ్గా వారం రోజులకే అది అమలులోకి వచ్చినది. ఆ పిదప ఇరుదేశాల అధికారుల నడుమ సంప్రదింపులు సాగినవి. భారత వేరుశనగ ఎగుమతి విలువలో దాదాపు మూడో వంతు ఆ ఒక్క దేశానికే పోతున్నందున, ఓడరేవుల దగ్గర ఉన్న వర్తకులకు ఇది చిన్న దెబ్బ కాదు.

జకార్తాలో తీసుకొన్న నిర్ణయానికీ, కెలమంగలం, ఉద్దనపల్లి, రాయకోట, డెంకణికోట ప్రాంతపు మెట్ట చేలకూ సంబంధమేమిటని తోచవచ్చు. సంబంధం ఉన్నది. విదేశానికి పోవలసిన సరుకు ఆగిపోతే అది దేశంలోని మండీలకే తిరిగి వస్తుంది. గుజరాతులో నిలిచిపోయిన గింజ ధరను తగ్గిస్తే, ఆ తగ్గుదల నూనె మిల్లుల ద్వారా దక్షిణాదికి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. ఎన్నడూ ఎగుమతి మాట ఎత్తని రైతు సైతం ఎగుమతి ఆగినప్పుడు నష్టపడుతున్నాడు. అట్లయితే ఎగుమతి సాగినప్పుడు లాభంలో అతనికి పాలు దక్కుతున్నదా, దక్కాలంటే ఏమి చేయవలెను అన్నది ఈ సీమ కుటుంబాలు ఆలోచించవలసిన విషయం.

పాత బేరమే

చెనక్కాయను విదేశాలకు పంపడం దక్షిణాది రైతుకు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో దక్షిణ ఆర్కాటు జిల్లాలో పండిన వేరుశనగ పుదుచ్చేరి రేవు నుండి ఓడలలో ఫ్రాన్సు దేశపు మార్సేయ్ నగరానికి పోయేది. అక్కడి మిల్లులలో దానిని నూనెగా ఆడి సబ్బులకు, వంటకు వాడేవారు. ఆ గిరాకీ వల్లనే మద్రాసు రాజధానిలో మెట్ట భూములు వేల ఎకరాలుగా ఈ పంటకు మారినవి. 1914లో మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఐరోపా ఓడలు ఆగినవి. కొనేవాడు లేక ధర కుప్పకూలినది. తాను కళ్ళతో చూడని దేశంలోని కలత తన కళ్ళంలోని కుప్ప విలువను ఎట్లు మారుస్తుందో ఈ నేల రైతుకు నూరేళ్ళ క్రిందటనే తెలిసివచ్చినది.

అప్పటికీ ఇప్పటికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఆనాడు ఓడ ఎక్కినది నూనె కోసం. నేడు ఓడ ఎక్కే గింజలో ఎక్కువ భాగం తినడానికి. వేయించిన పల్లీలు, మిఠాయిలు, పల్లీ వెన్న, చాక్లెట్ల తయారీకి గింజ కావాలి. నూనెకు పోయే గింజ కొంచెం నల్లబడినా కొనేవాడు ఉంటాడు. తినే గింజకు ఆ సడలింపు లేదు.

ఇప్పటి లెక్క

వేరుశనగ పంటలో చైనా మొదటిది, భారతదేశం రెండవది. ఇటీవలి ఏళ్ళలో ఇక్కడి దిగుబడి ఏటా కోటి టన్నులకు పైబడుతున్నది. అందులో పెద్ద వాటా గుజరాతుది. ఎగుమతుల అభివృద్ధి సంస్థ అపెడా లెక్కల ప్రకారం 2022-23లో దేశం నుండి సుమారు 6 లక్షల 69 వేల టన్నుల వేరుశనగ విదేశాలకు పోయినది; విలువ 6,735 కోట్ల రూపాయలు. 2023-24లో అది సుమారు 6 లక్షల 81 వేల టన్నులు, 7,135 కోట్ల రూపాయలు అయినది. కొన్న దేశాలలో ముఖ్యమైనవి ఇండోనేషియా, వియత్నాం, ఫిలిప్పీన్స్, మలేషియా, థాయిలాండ్, చైనా. ఎక్కువ ధర ఇచ్చే ఐరోపా ఈ వరుసలో ముందు కనిపించకపోవడం గమనించదగినది. దాని కారణం మున్ముందు తెలుస్తుంది.

ఈ అంకెలను రైతు లెక్కలోకి మార్చి చూడవలెను. 2023-24 ఎగుమతి విలువను తూకంతో భాగిస్తే కిలో గింజకు సగటున సుమారు 105 రూపాయలు వచ్చినట్లు. అదే ఏడాది కేంద్రం కాయలకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,377 రూపాయలు, అనగా కిలోకు దాదాపు 64. నూరు కిలోల కాయ ఒలిస్తే 70 కిలోల గింజ వచ్చేటట్లయితే, ఆ గింజ కిలో 91 రూపాయలకు పడుతుంది. కాయ సరిగా నిండక 65 కిలోలే వస్తే 98 రూపాయలకు పడుతుంది. మొదటి దానిలో ఎగుమతిదారుకు మిగిలే తేడా 14 రూపాయలు. రెండవ దానిలో 7. ఒలుపు, ఏరివేత, సంచులు, లారీ, రేవు ఖర్చు, పరీక్షల ఖర్చు అన్నీ ఆ తేడాలోనే జరుగవలెను.

ఈ చిన్న లెక్క రెండు సంగతులు చెబుతున్నది. ఎగుమతి అనగానే కుప్పలు తెప్పలుగా సొమ్ము వస్తుందన్న మాట నిజం కాదు. లాభపు అంచు పలుచనిది. రెండవది, కాయ నిండుదనమే ఆ అంచును రెట్టింపు చేస్తుంది లేదా సగం చేస్తుంది. మద్దతు ధర 2025-26కు క్వింటాలుకు 7,263 రూపాయలకు పెరిగినది. అది రైతుకు మేలే. అయితే మద్దతు ధర పెరిగినంత మాత్రాన విదేశపు కొనుగోలుదారు తన ధర పెంచడు. కనుక నాణ్యతలోనే ఆ తేడాను సంపాదించుకొనవలసి ఉంటుంది.

వర్తకంలో గింజను రెండు ప్రధాన రకాలుగా చూస్తారు. పెద్ద గింజను బోల్డ్ అనీ, గుండ్రని చిన్న గింజను జావా అనీ అంటారు. చెడినవాటిని ఏరివేసి సిద్ధం చేసిన సరుకుకు హెచ్.పి.ఎస్. అని పేరు. పరిమాణాన్ని ఒక ఔన్సుకు ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్కతో చెబుతారు. 50/60, 60/70, 80/90 అని సంచులపై కనిపించే అంకెలు అవే. గింజలన్నీ ఒకే పరిమాణంలో ఉండడం కొనేవాడికి ముఖ్యం, ఎందుకంటే పెద్దా చిన్నా కలిసిన గింజ సమంగా వేగదు. ఒకే పల్లెలో నాలుగు రకాల విత్తనం వేసి, నాలుగింటినీ ఒకే కుప్పలో కలిపితే ఆ సరుకు ఏ అంకెకూ చెందదు. అది చివరికి గానుగకే పోతుంది.

సుంకం లేని గోడ

ఐరోపా సంఘం ముడి వేరుశనగపై దిగుమతి సుంకం వేయడం లేదు. తలుపు తెరిచే ఉన్నది. గడప దగ్గర మాత్రం పరీక్ష ఉన్నది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయినవి. వాటికి పెట్టిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉన్నదనీ, అది పుట్టించే విషమే కోళ్ళను చంపినదనీ పరిశోధనలో తేలినది. ఆ విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు. మనిషిలో అది కాలేయ క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించినది. వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు.

ఐరోపా సంఘం నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటరాదంటున్నది. అందులో బి1 అనే తీవ్రమైన రకం 2 దాటరాదు. తిరిగి ఏరి శుద్ధి చేయవలసిన గింజకు ఈ హద్దులు 15, 8. అమెరికా హద్దు 20. భారత ఆహార భద్రతా నియమాలలో శుద్ధి చేయవలసిన గింజకు 15. నాలుగు మైక్రోగ్రాములంటే ఎంత? వెయ్యి టన్నుల గింజలలో నాలుగు గ్రాములు. అర గ్రాము తూగే ఒక్క చెడ్డ గింజలో 50 మైక్రోగ్రాముల విషం ఉంటే, 12 కిలోల మంచి గింజను ఈ హద్దు దాటించడానికి అది చాలు. గంపెడు కాయలలో ఒక బూజు కాయ ఏమి చేస్తుందిలే అన్న పాత మాట ఇక్కడ చెల్లదు.

భారతదేశపు వేరుశనగను ఐరోపా సరిహద్దులో ప్రత్యేకంగా తనిఖీ చేసే జాబితాలో ఉంచినారు. పరీక్షా పత్రం లేనిదే సరుకు కదలదు. ఎగుమతికి పోయే సరుకు ఏ శుద్ధి కేంద్రంలో తయారైనది, ఏ ప్రయోగశాలలో పరీక్షకు నిలిచినది అన్న వివరాలను అపెడా పీనట్.నెట్ అనే వ్యవస్థలో నమోదు చేయిస్తున్నది.

విషమొక్కటే అడ్డం కాదు. గింజను తొలిచే పురుగు ప్రాణంతో కనిపించినదని వియత్నాం 2015లోను, మళ్ళీ 2017లోను భారత వేరుశనగ దిగుమతిని కొంతకాలం ఆపివేసినది. పోటీదారులూ బలవంతులే. అర్జెంటీనాలోని కోర్డొబా రాష్ట్రపు రైతులు మొక్కను యంత్రంతో పెకలించి కాయలు పైకి వచ్చేటట్లు తిరగవేసి ఎండబెడతారు. మిగిలిన తేమను వేడిగాలితో తీస్తారు. ఐరోపా మార్కెట్టులో ఆ దేశానిదే పైచేయి కావడానికి ఈ ఆరబెట్టే పద్ధతి ఒక ముఖ్య కారణం.

విషం పుట్టే చోటు

అఫ్లాటాక్సిన్ రేవులో పుట్టదు, ఓడలో మాత్రమే పుట్టదు. చాలవరకు చేనిలో, కళ్ళంలో, ఒలుపు మిషను దగ్గర పుడుతుంది. కెలమంగలం సీమ వాతావరణాన్ని దీనికి పక్కన పెట్టి చూస్తే చిక్కు ఎక్కడున్నదో తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో వానాధారపు చెనక్కాయను ఆరుద్ర, పునర్వసు కార్తెలలో, తమిళ లెక్కలో ఆడి పట్టంలో, విత్తుతారు. నూట అయిదు, నూట పది రోజుల పంట చిత్త, స్వాతి కార్తెల నాటికి పీకుడుకు వస్తుంది. కాయ ఊరే దశలో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే నేల వేడెక్కి బూజు కాయలోకి చొరబడుతుంది. ఆ తరువాత సరిగ్గా పీకే వేళకు ఈశాన్య ఋతుపవనం దిగుతుంది. ముందు ఎండ, వెనుక తడి: బూజుకు ఇంతకన్న అనుకూలమైన కాలం లేదు.

దీనికి తోడు ఈ సీమకే ప్రత్యేకమైన రెండు ఒత్తిళ్ళు ఉన్నవి. ప్రతి ఏటా పంట కాలంలో బన్నేరుఘట్ట అడవుల నుండి ఏనుగుల గుంపులు జవళగిరి, డెంకణికోట, సానమావు అడవులకు దిగివస్తవి. రాగి చేలను తొక్కినట్లే ఇతర పంటలనూ తొక్కుతవి. అడవి పందుల బెడద వేరే. కాపలా కాయలేక కాయ ముదరక ముందే పీకివేయాలన్న తొందర రైతుకు కలుగుతుంది. ముదరని కాయ ఒలుపులో తక్కువ తూగుతుంది. ముడుచుకొన్న గింజలో విషం పట్టే అవకాశమూ ఎక్కువ.

రెండవ ఒత్తిడి కూలీలది. హొసూరు పరిశ్రమలు, కెలమంగలం సమీపంలో వెలసిన టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారం వేలమందికి, ముఖ్యంగా యువతులకు, నెలజీతపు పని ఇచ్చినవి. పల్లెలకు ఇది మంచి మార్పు. అయితే చెట్టు పీకి, కాయ తెంపి, పలుచగా ఆరబోసి, సాయంత్రం కప్పి, ఉదయం మళ్ళీ ఆరబోసే పనికి చేతులు తగ్గినవి. రెండు రోజుల పని ఒక రోజులో ముగించుకొనవలసి వచ్చినప్పుడు తడి కాయే కుప్పగా పడుతుంది.

చివరిది ఒలుపు. ఎండిన కాయను మిషనులో వేస్తే గింజ విరుగుతుందని కాయలపై నీళ్ళు చల్లి ఒలిపించే వాడుక చాలా చోట్ల ఉన్నది. తూకమూ కొంచెం పెరుగుతుంది. నెలరోజులు ఎండలో పడిన శ్రమ ఆ ఒక్క చెంబెడు నీళ్ళతో పోతుంది. ఆ తడి గింజ సంచిలో రెండు వారాలు ఉంటే బూజు తన పని తాను చేసుకొంటుంది. వేరుశనగ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి హెచ్చరిస్తున్న అలవాటు ఇది.

చేనిలో చేయగలిగినవి

వీటిలో పెద్ద ఖర్చు లేని పనులు చాలా ఉన్నవి. పూత తరువాత, విత్తిన 40-45 రోజులకు, మట్టి ఎగదోసేటప్పుడు ఎకరాకు సుమారు 160 కిలోల జిప్సం వేయమని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేస్తున్నది. గింజ నిండడానికి కావలసిన సున్నం, గంధకం దానిలో ఉన్నవి. విత్తనానికి ట్రైకోడెర్మా పట్టిస్తే నేలలోని బూజు తగ్గుతుంది. కలుపు తీసేటప్పుడు పార కాయకు తగలకుండా చూడవలెను. గాయపడిన కాయలోనే బూజు ముందు చేరుతుంది. ఎండకు చచ్చిన, తెగులు పట్టిన మొక్కల కాయను వేరుగా పీకి వేరుగానే ఉంచవలెను.

పీకిన మొక్కలను కాయలు పైకి కనిపించేటట్లు తిరగవేసి రెండు మూడు రోజులు చేనిలోనే ఆరనివ్వవలెను. తెంపిన కాయను మట్టి నేలపై గాక పట్టలపై పలుచగా పరచి, తేమ 8-9 శాతానికి దిగేదాకా ఎండబెట్టవలెను. కొలిచే పరికరం లేనివారికి పాత గుర్తులే చాలు: కాయను ఊపితే గింజ గలగలమనాలి, గింజను నలిపితే పైపొర ఊడాలి. సంచులను గోడకు ఆనించకుండా, చెక్కలపై ఉంచవలెను.

విత్తనం సంగతి కూడ ఆలోచించదగినదే. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ, హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్ కలిసి రూపొందించిన గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో రైతుల వినియోగానికి విడుదలైనవి. వీటి నూనెలో ఓలియిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. మామూలు రకాలలో అది సగం వరకే. ఇట్టి గింజ త్వరగా సిక్కు వాసన పట్టదు కనుక మిఠాయి తయారీదారులు దీనిని కోరుతున్నారు. అయితే ఒక చోట పండినది మరొక చోట పండుతుందన్న హామీ లేదు. కృష్ణగిరి జిల్లాలోనే పైయూరు పరిశోధన కేంద్రం ఉన్నది. సరిహద్దుకు ఆవల కదిరి కేంద్రం ఉన్నది. వారిని అడిగి, పదిసెంట్ల మడిలో పండించి చూచి, ఆ పిదప చేనంతా వేయడమే వివేకం.

ఒక పెట్టెలో నలభై ఇళ్ళ కష్టం

ఓడపై పోయే ఇరవై అడుగుల ఇనుపపెట్టెలో సుమారు 19 టన్నుల గింజ పడుతుంది. 70 శాతం ఒలుపు లెక్కన దానికి 27 టన్నుల కాయ కావాలి. మెట్ట చేనిలో ఎకరాకు ఆరు క్వింటాళ్ళు వచ్చినదనుకొంటే ఒక్క పెట్టెకు 45 ఎకరాల పంట. ఏరివేతలో పోయేది కలుపుకొంటే ఇంకా ఎక్కువ. తలా ఎకరం చెనక్కాయ వేసే పల్లెలో అది నలభై యాభై కుటుంబాల సరుకు. నలభై తొమ్మిది ఇళ్ళవారు జాగ్రత్తపడి యాభయ్యవ ఇల్లు తడి సంచి కలిపితే పెట్టె మొత్తం పరీక్షలో ఓడిపోగలదు. అందుచేత ఎగుమతి ఒంటరి రైతు పని కాదు. అది ఊరి పని.

ఆఫ్రికాలోని మలావీ దేశం ఒకప్పుడు బ్రిటనుకు పేరుపొందిన వేరుశనగ పంపేది. అఫ్లాటాక్సిన్ కారణంగా ఆ బేరం చెడిపోయినది. తరువాత అక్కడి చిన్నరైతుల సమాఖ్య ఇక్రిశాట్ సాయంతో తక్కువ ఖర్చు పరీక్షను ఊళ్ళ దగ్గరకే తెచ్చుకొని, ఏ సంఘం సరుకు ఏదో గుర్తుంచుకొనే ఏర్పాటు చేసుకొని, పోయిన బేరంలో కొంత తిరిగి సంపాదించినది. వారివీ ఎకరం, రెండెకరాల కమతాలే.

ఇక్కడ దానికి తగిన చట్రం ఉన్నది. కేంద్రం 2020 ఫిబ్రవరిలో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ప్రారంభించినది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులతో ఏర్పడిన సంఘానికి మూడేళ్ళలో 18 లక్షల రూపాయల దాకా నిర్వహణ సాయం, సభ్యుల వాటాధనానికి సరిసమానంగా తలకు 2,000 చొప్పున, మొత్తం 15 లక్షల దాకా నిధి అందులో నిర్ణయమైనది. సంఘం ఉన్నంత మాత్రాన పని జరుగదు. ఒకే విత్తనం వేయించడం, పట్టలు అద్దెకు ఇవ్వడం, తేమ కొలిచే పరికరం ఒకటి కొనడం, నీళ్ళు చల్లని ఒలుపు మిషను నడపడం, ప్రతి ఇంటి సంచికి గుర్తు వేయడం అన్న అయిదు పనులు చేసే సంఘమే ఎగుమతిదారుతో బేరమాడగలదు.

తోతాపురి చెప్పిన పాఠం

ఎగుమతి ఉంటే చాలు, ధర తానే వస్తుందనుకొనే వారికి మామిడి పంట హెచ్చరిక. కృష్ణగిరి, చిత్తూరు జిల్లాల తోతాపురి గుజ్జు గల్ఫుకు, ఐరోపాకు ఎన్నో ఏళ్ళుగా పోతున్నది. 2025 వేసవిలో కొనే కర్మాగారాలు వెనుకంజ వేయగా కాయ ధర పడిపోయినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్మాగారాలు 8 రూపాయలు, తాను 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు వచ్చేటట్లు ఏర్పాటు చేసినది. అదే సమయంలో పొరుగు రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆంక్షలు పెట్టినారు. కర్ణాటక ముఖ్యమంత్రి దానిపై లేఖ వ్రాసినారు. మూడు రాష్ట్రాల కూడలిలో బ్రతికే రైతుకు సరిహద్దు ఒకనాడు దారి, మరొకనాడు గోడ అని ఆ వేసవి చూపినది.

చెనక్కాయకు మామిడికన్న ఒక మేలు ఉన్నది. ఎండిన కాయ నెలలు నిలుస్తుంది. నాలుగు రోజులలో కుళ్ళిపోదు. కనుక రైతుకు ఆగే వ్యవధి ఉన్నది. అయితే ఆ వ్యవధి ఎండిన కాయకే. తడి కాయ ఇంట్లో పెట్టుకొన్నవాడు వచ్చిన ధరకు ఇచ్చివేయవలసిందే.

కొనేవారి వైపు నుండి కూడ ఒక న్యాయం జరుగవలెను. ఆరిన కాయకూ తడి కాయకూ ఒకే ధర ఇచ్చే మండీలో ఎండబెట్టిన రైతు తూకంలో నష్టపోతాడు. నూరు కిలోలకు అయిదు కిలోల తేమ తగ్గితే అంత సొమ్ము తగ్గినట్లే. తేమను కొలిచి, ఒలుపు శాతం చూచి ధర కట్టే పద్ధతి లేనిచోట నాణ్యత గురించి రైతుకు బోధించడం వ్యర్థం. ప్రభుత్వ విక్రయశాలలలో ఈ కొలతలు తప్పనిసరి చేయడం అధికారుల చేతిలోని పని.

తిరిగి వచ్చిన గింజ ఎవరి గిన్నెలోకి?

విదేశం కాదన్న సరుకు, ఎగుమతి కోసం ఏరినప్పుడు పక్కకు పడిన నల్ల గింజ ఎక్కడికి పోతున్నవి? కొంత గానుగకు, కొంత చవక చిక్కీకి, చెక్క రూపంలో పశువుల తొట్టికి. నూనెను కర్మాగారంలో శుద్ధి చేస్తే విషం పోతుంది. శుద్ధి చేయని గానుగ నూనెలో అది కొంత మిగలవచ్చు. గానుగ నూనె మంచిదని బెంగుళూరు నుండి వచ్చి కొనుక్కొనేవారు పెరిగిన ఈ రోజులలో గానుగలో పడే గింజ ఎటువంటిదన్నది పెద్ద ప్రశ్న.

పాల సంగతి మరింత దగ్గరిది. బూజు పట్టిన చెక్క తిన్న ఆవు పాలలోకి ఆ విషం ఎం1 అనే రూపంలో దిగుతుంది. భారత ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షించగా 5.7 శాతంలో ఎం1 హద్దు దాటి ఉన్నది. అట్టి నమూనాలు ఎక్కువగా దొరికిన రాష్ట్రం తమిళనాడు. పాల క్యానుతో తెల్లవారే సరిహద్దు పల్లెలకు ఇది ఎవరో చెప్పవలసిన సంగతి కాదు. బూజు గింజ ఏరి పారవేయడం విదేశీయుని కోసం చేసే ఉపకారం కాదు. తొలి లాభం ఇంట్లోని పిల్లలకే.

ఈ దృష్టితో చూస్తే ఓడ రాకపోయినా శ్రమ వృథా కాదు. కెలమంగలానికి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో బెంగుళూరు ఉన్నది. పరీక్ష చేయించి, పరిమాణం ప్రకారం వేరుచేసిన గింజకు, నమ్మకమైన గానుగ నూనెకు అక్కడ కొనేవారు ఉన్నారు. ఎగుమతికి తగిన గింజ పండించగల ఊరు ముందు ఆ నగరాన్ని గెలుచుకొనవచ్చు. అక్కడ రెండు మూడేళ్ళు మాట నిలుపుకొన్న సంఘానికి ఎగుమతిదారు దగ్గర నిలబడి ధర అడిగే ధైర్యం వస్తుంది.

ఇప్పటికిప్పుడు రైతు కుటుంబాలు తమలో తాము తేల్చుకొనవలసినవి కొన్ని ఉన్నవి. రాబోయే ఆడి పట్టానికి ఊరంతా ఒకే రకం విత్తనం వేయగలరా? పీకుడు వేళకు ఇంటింటికీ పట్టలు సమకూరుతవా? ఒలుపు మిషను యజమాని నీళ్ళు చల్లకుండా ఒలిచేందుకు ఒప్పుకొంటాడా? ఊరి సరుకు నుండి ఒక్క నమూనా అయినా ప్రయోగశాలకు పంపేందుకు తలా కొంత వేసుకొనగలరా? ఈ నాలుగింటికీ జవాబు కూర్చుకొన్న ఊరికి ఆ పరీక్షా పత్రమే మొదటి పెట్టుబడి. జకార్తా తలుపు మూసినా, తెరిచినా, చేతిలో ఆ పత్రం ఉన్నవారితోనే వర్తకుడు ముందుగా మాట్లాడతాడు.